రుమాలు, దస్తీ, కర్చీఫ్



వరంగల్ పక్క పల్లెలో ఒక పెద్దమనిషి బయటికి పోతూ పోతూ గుమ్మంలో ఆగి "నా రుమాలు ఏడ పెట్టిన్రు?" అని కేకేస్తే, ఇంట్లోవాళ్ళు దండెం మీదున్న తలగుడ్డ తీసుకొచ్చి చేతికిస్తారు. విజయవాడలో బట్టల కొట్టుకు వెళ్ళి "రుమాళ్ళు చూపించండి" అంటే, కొట్టతను "కర్చీఫులేనా అండీ?" అని ఒకసారి అడిగి, మూడేసి కలిపి మడతపెట్టిన ప్యాకెట్లు ముందు పడేస్తాడు. మాట ఒక్కటే. ఒకచోట అది బారెడు పొడవుతో నెత్తికెక్కి కూర్చుంది. ఇంకోచోట జానెడుకి కుదించుకుని జేబులో దూరింది. వరంగల్ పల్లెలో ఆ జానెడు గుడ్డకు వేరే పేరుంది, దస్తీ. రాయలసీమలోనూ తలకు చుట్టేది రుమాలే. పక్కనున్న కన్నడంలో రుమాలంటే ముందుగా గుర్తొచ్చేది తలపాగానే.

మరి ఎవరిది అసలు అర్థం? పుట్టిల్లు అడిగితే రుమాలు పారసీ మాట. రూ అంటే ముఖం. మాల్ అంటే రుద్దేది, తుడిచేది. మంగలి తలకు చేసే మాలిష్ కూడా ఆ ధాతువులోంచి వచ్చిందే. అంటే రుమాలు పుట్టుకతో మొహం తుడుచుకునే గుడ్డ. దాన్ని తలకెక్కించింది మనవాళ్ళు. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త. హైదరాబాదు పాత ఫొటోలలో షేర్వానీల పైన కనిపించే కుచ్చు టోపీని రూమీ టోపీ అంటారు. ఆ రూమీకి ఈ రుమాలుకు చుట్టరికం లేదు. అది రూమ్ దేశపు టోపీ, అంటే తురుష్క దేశానిది. చెవికి ఒకేలా వినిపించే మాటలన్నిటినీ ఒకే వంశంలో కలిపేసే అలవాటు మనకు కొంచెం ఎక్కువ కనక చెబుతున్నాను.

మొహం తుడిచే గుడ్డ తలమీదికి ఎలా వెళ్ళింది? నాకు తోచిన కారణం చాలా మామూలుది. దర్జీ చేయి పడని గుడ్డకు ఒంటిమీద స్థిరమైన చోటు ఉండదు. చొక్కాకు మెడ ఉంది, చేతులున్నాయి, దాన్ని నడుముకు తొడుక్కోలేం. లాగు భుజాలమీద నిలబడదు. రుమాలు అలా కాదు. పొద్దున పొలానికి వెళ్ళే రైతు దాన్ని తలకు చుడతాడు. మధ్యాహ్నం మొహం కడుక్కుని దానితోనే తుడుచుకుంటాడు. చెట్టుకింద పరుచుకుని నడుం వాలుస్తాడు. సాయంత్రం చేలో దొరికిన నాలుగు దోసకాయలు అందులోనే మూటగట్టి ఇంటికి తెస్తాడు. ఒక్కరోజులో ఇన్ని ఉద్యోగాలు చేసే గుడ్డకు ఏ ఉద్యోగం పేరు పెడతాం? ఎవరు ఏ పనిలో దాన్ని ఎక్కువగా చూశారో ఆ అర్థం వాళ్ళ ఊళ్ళో నిలిచింది.

ఇంకో ఉద్యోగం మరిచిపోయాను. పశువుల సంతకు వెళ్ళినవాళ్ళకు తెలుస్తుంది. ఎద్దుల బేరం నడుస్తుంటే దళారి చేయి, కొనేవాడి చేయి ఒక తుండుగుడ్డ కింద కలుస్తాయి. గుడ్డ చాటున వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఏ వేలు పడితే ఎంత, ఎన్ని వేళ్ళు పడితే ఎంత అన్నది వాళ్ళ లెక్క. చుట్టూ నలభైమంది చూస్తున్నా ఒక్క అంకె బయటికి రాదు. ఇద్దరి మొహాలూ చూసి ఏదైనా ఊహించాలంటే వాళ్ళు మొహాలు కూడా అంత తేలిగ్గా ఇవ్వరు. నోటితో చెప్పిన ధరకు నలుగురూ తలో మాటా కలుపుతారు. గుడ్డ కింద చెప్పిన ధర ఇద్దరి మధ్యే ఉంటుంది, బేరం కుదరకపోయినా ఎవరి పరువూ పోదు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి.

ఇప్పుడు కర్చీఫ్ సంగతి. ఇది ఇంగ్లీషు దారిలో మనకు చేరింది గాని, దీని పుట్టిల్లు పాత ఫ్రెంచి భాష. అక్కడ దాని అర్థం తలను కప్పేది. ఆడవాళ్ళు తలకు కట్టుకునే గుడ్డ అది. తర్వాత ఇంగ్లీషువాళ్ళు చేత పట్టుకునే చిన్న గుడ్డకు కూడా ఆ పేరే వాడదలుచుకుని, ముందు చెయ్యి తగిలించి హ్యాండ్‌కర్చీఫ్ అన్నారు. చేతి తలగుడ్డ అన్నమాట. వినడానికి నవ్వొస్తుంది కాని మనం చేసింది కూడా అదే. పారసీ రుమాలుకు తెలుగు చేయి అతికించి చేరుమాలు అన్నాం. పుస్తకాల భాషలో ఇప్పటికీ ఆ మాట కనిపిస్తుంది. రుమాలు అన్నంత మాత్రాన చేతిగుడ్డ అని అందరికీ అర్థమయ్యేట్టుంటే ఆ "చే" అవసరమే ఉండేది కాదు. అంటే అప్పటికే రుమాలు తల మీద స్థిరపడి ఉండాలి. తలకు పుట్టిన కర్చీఫ్ చేతిలోకి దిగింది, మొహానికి పుట్టిన రుమాలు తలకెక్కింది. రెండూ దారిలో ఎదురుపడి ఉంటాయి.

దస్తీకి ఈ తంటా లేదు. దస్త్ అంటేనే పారసీలో చేయి. దస్తీ అంటే చేతిది. అంతే. చేతిరాతతో చేసే సంతకం దస్తఖతు, చేతికి ఆధారంగా పట్టుకునే కాగితం దస్తావేజు, అవన్నీ దీని అన్నదమ్ములు. మూడు మాటల్లో ఒకటి ఎన్నుకోమంటే నేను దస్తీకే ఓటేస్తాను. చిన్నది, నోరు తిరిగేది, తన పని తాను చెప్పుకునేది. కోస్తా జిల్లాల్లో ఈ మాట ఎందుకు అడుగు పెట్టలేదో గాని, పెట్టి ఉంటే కచ్చీఫ్, కర్చీపు, ఖర్చీఫ్ అని పిల్లలు పడే పాట్లు తప్పేవి.

రుమాలు అన్న మాటను సముద్రాలు దాటించిన ఊరు ఒకటుంది. చీరాల. ఆ ఊరి పేరు వింటే మనకు 1921 నాటి చీరాల పేరాల ఉద్యమం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గుర్తొస్తారు. నేతపనివాళ్ళకు గుర్తొచ్చేది తేలియా రుమాలు. పేరులో చీర వినిపించే ఊరు రుమాలుతో ఖ్యాతి తెచ్చుకోవడం తమాషాయే. తేల్ అంటే హిందీలో నూనె. తేలియా రుమాలంటే నూనె రుమాలు. నూలును నేరుగా రంగులో ముంచరు. ఆముదపు కాయల తొక్కలు కాల్చి, ఆ బూడిదను నీళ్ళలో కలిపి తేట తీస్తారు. ఆ క్షారపు నీటిలో నూనె కలిపి, నూలు చిలపలను అందులో నానబెట్టి, చేత్తో పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఇలా రోజుల తరబడి, ఒక్కోసారి మూడు వారాల దాకా చేస్తారు. నూలు నూనె తాగి మెత్తబడుతుంది. ఎర్రరంగు అలాంటి నూలునే గట్టిగా పట్టుకుంటుంది. ఉతికినా వదలదు, ఎండకు పాలిపోదు. పూర్వం మన తీరంలో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. 1868లో జర్మనీలో ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎర్రరంగును ప్రయోగశాలలో తయారు చేశాక, వేరు తవ్వే పని క్రమంగా తగ్గిపోయి, ఎరుపు డబ్బాల్లో రావడం మొదలైంది. నూనె, బూడిద మాత్రం నిలిచాయి.

రంగుల్లో పెద్ద ఆడంబరం లేదు. ఎరుపు, నలుపు, తెలుపు. పనితనమంతా కట్లలో ఉంది. పడుగు దారాలూ పేక దారాలూ రెండింటినీ ముందే లెక్కకట్టి, రంగు అంటకూడని చోటల్లా దారంతో బిగించి కడతారు. దీన్ని మనవాళ్ళు చిటికి అంటారు. మగ్గం మీద పడుగులో చుక్క, పేకలో చుక్క సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడాలి. వెంట్రుకవాసి తప్పితే పువ్వు చెదిరిపోతుంది. మొదట్లో చతురస్రాలు, మెట్లు, చుక్కలు ఉండేవి. తర్వాత తర్వాత సింహాలు, ఏనుగులు, గడియారాలు, విమానాలు కూడా రుమాళ్ళ మీదికొచ్చాయి. లెక్కగట్టి ముడులు వేసి గుడ్డమీద విమానం ఎగరేసిన నేతగాడు నిజంగా విమానం ఎక్కి ఉంటాడా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

ఈ రుమాళ్ళు పారసీక సింధుశాఖ రేవులకు, ఏడెన్‌కు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు వెళ్ళేవి. అరబ్బులు తలకు కట్టుకునేవారు. నూనె తాగిన గుడ్డ తలను చల్లగా ఉంచుతుందని, ఇసుక దుమ్మును ఆపుతుందని వాళ్ళకు ఇష్టం. ఇక్కడ మన తీరంలో జాలరులు, పశువుల కాపరులు కూడా దాన్నే తలకు చుట్టారు, మొలకు కట్టారు. పారసీ పేరు పెట్టుకుని మన దేశం వచ్చిన వస్తువు, తెలుగు మగ్గం మీద నూనె పట్టించుకుని, మళ్ళీ ఆ పారసీ సముద్రానికే ఎగుమతి అయిందన్నమాట. చీరాలలో ఆ మగ్గాలు తగ్గిపోయాక పని యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో బతికింది. అక్కడి గజం కుటుంబానికి చెందిన గోవర్ధన్‌గారికి 2011లో, అంజయ్యగారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు కూడా దొరికింది. ఇప్పుడు తేలియా రుమాలు పేరుతో ఎక్కువగా అమ్ముడయ్యేవి చీరలు, దుపట్టాలు. పేరు రుమాలు, కట్టుకునేది చీర. ఈ మాట ఎక్కడా కుదురుగా ఉండదు కదా.

తేలియా రుమాలుకు ఒక పెద్దన్న ఉన్నాడు. వ్యాపార కాగితాల్లో అతని పేరు రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్. మద్రాసు అన్నది రేవు పేరు. నేత మాత్రం ఈ తీరం పొడవునా సాగింది, చీరాల, వేటపాలెం మగ్గాల మీద కూడా. గళ్ళ గుడ్డ. గజం పొడవు, గజం వెడల్పు ఒక్కొక్కటి. ఎనిమిదింటిని కలిపి ఒకే తానుగా నేసేవారు. దీన్ని చేతిరుమాలు అనడం ఇంగ్లీషు వర్తకుడి చమత్కారమేమో, ఏ జేబులోనూ పట్టదు. ఇవి లండన్ వెళ్ళి, అక్కడినుంచి పశ్చిమ ఆఫ్రికా తీరానికి వెళ్ళేవి. ఆ తీరంలో గుడ్డలిచ్చి ఏం తెచ్చుకునేవారో మనం మరిచిపోకూడదు. బానిసలను. మన గళ్ళ రుమాళ్ళు లెక్కపెట్టి ఇచ్చి, మనుషులను లెక్కపెట్టి ఓడలెక్కించిన రోజులున్నాయి. నేసినవాళ్ళకు ఆ సంగతి తెలిసే వీలు లేదు. కొన్న వర్తక కుంఫిణీలకు తెలుసు.

నైజీరియాలో నైజర్ నది సముద్రంలో కలిసేచోట కలబరీ అనే జనం ఉన్నారు. వాళ్ళు ఈ గుడ్డను ఇంజిరీ అంటారు. కొత్త గుడ్డను కట్టేసుకుని ఊరుకోరు. వాళ్ళ ఆడవాళ్ళు సన్నని బ్లేడుతో కొన్ని దారాలను ఎంచి ఎంచి కోసి, లాగేసి, గళ్ళలోంచి కొత్త నమూనా తీస్తారు. కోసిన ఆ గుడ్డ పేరు పెలెతే బితే. మనవాళ్ళు దారం కలిపి చేసిన పనికి వాళ్ళు దారం తీసేసి మెరుగు పెట్టారు. పెద్దవాళ్ళు పోయినప్పుడు శవాన్ని ఉంచే మంచాన్ని, గదిని ఈ గుడ్డలతో అలంకరించడం వాళ్ళలో గొప్ప మర్యాద. అటువైపు ఏ ముత్తవ్వ అంతిమయాత్రకో వేటపాలెం గళ్ళు తోడు వెళ్ళాయి. నైజీరియాలో అంతర్యుద్ధం, ఆ తర్వాత దిగుమతుల మీద కట్టడి వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది, ఇక్కడ మగ్గాలకు దెబ్బ తగిలింది. దేశంకాని దేశంలో తుపాకి పేలితే మన ఊళ్ళో పొయ్యి ఆరడం చేనేతవాళ్ళకు కొత్త కాదు.

ఇదే సముద్ర వర్తకం ఇంకో మూలకు కూడా గళ్ళను చేర్చింది. కరీబియన్ దీవులైన మార్టినిక్, గ్వాడలూప్‌లలో ఆడవాళ్ళు మద్రాసు గళ్ళ గుడ్డను తలకు ముడి వేసి, కొసలు పైకి నిలబెడతారు. ఒక కొస నిలబడితే మనసు ఖాళీగా ఉన్నట్టు, రెండైతే ఎవరికో మాట ఇచ్చినట్టు, మూడైతే పెళ్ళయినట్టు అని చెబుతారు. నాలుగు కొసల అర్థం కూడా చెబుతారు గాని, ఇళ్ళలో పిల్లలు వింటుంటారు, వదిలేద్దాం.

గోల్కొండ రోజుల్లో రుమాలుకు ఇంకా దర్జా పని ఉండేది. బహుమతి వస్తువులు పళ్ళెంలో పెట్టి, పైన కలంకారీ బొమ్మల రుమాలు కప్పి పంపేవారు. 1640 ప్రాంతంలో ఇక్కడ రాసిన అలాంటి రుమాళ్ళు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. తోటలో కూర్చున్న దొరసానులు, మద్యం పోసే పరిచారకులు, చుట్టూ లతలు. వాటితో ఎవరూ ముక్కు తుడుచుకుని ఉండరు. ఇక దారి దోపిడీ థగ్గుల చేతిలో రుమాలు ఉరితాడయిందన్న కథలు మీరు వినే ఉంటారు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో ఒక నవల రాసి ఆ కథలను ఇంగ్లండు దాకా మోశాడు. అందులో ఎంత నిజం, ఎంత దొరల భయం అన్నది చరిత్రకారులు ఇప్పటికీ తేల్చుకుంటున్నారు.

దూరదేశాలు చాలు. బస్టాండుకు రండి.

తెలుగువాళ్ళు కర్చీఫ్‌కు ఇచ్చిన కొత్త అర్థం బస్సులో పుట్టింది. నిజాం రాజ్యంలో 1932 జూన్‌లో 27 బస్సులతో ప్రభుత్వ రవాణా మొదలైంది. ఏ ఏడు, ఏ ఊళ్ళో, ఎవరు మొదటిసారి కిటికీలోంచి చేయి పెట్టి సీటుమీద కర్చీఫ్ విసిరారో ఎవరూ రాసి పెట్టలేదు. కాని పండగ ముందురోజు ఏ బస్టాండులోనైనా చూడండి. బస్సు ప్లాట్‌ఫారం మీదికి మలుపు తిరుగుతుండగానే జనం దానివెంట పరుగెడతారు. కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్ళు, పేపర్లు, సంచులు, ఒక్కోసారి పిల్లలు కూడా లోపలికి వెళ్ళిపోతారు. ఆ తర్వాత తలుపు దగ్గర తోపులాట. ఆ తర్వాత ఇది.

"ఏమ్మా, ఇక్కడ కర్చీఫ్ వేశాను, కనబడలేదా?"

"కర్చీఫ్ వేస్తే సీటు మీ పేరున రాసేస్తారా అక్కా?"

"నేను కిటికీలోంచి వేస్తుంటే నువ్వు చూస్తూనే ఉన్నావు."

అప్పుడు కండక్టరు వచ్చి, "ముందు టికెట్లు తీసుకోండమ్మా, తర్వాత కొట్టుకుందురుగాని" అంటాడు.

ఈ హక్కు ఏ చట్టంలోనూ లేదు. అయినా పదిలో ఎక్కువసార్లు చెల్లుతుంది. ఎందుకంటే దాని వెనక ఒప్పందం ఉంది. ఒక కర్చీఫ్‌కు ఒక సీటు. ఒక్క కర్చీఫ్ పరిచి ముగ్గురి సీటు మొత్తం నాదే అంటే ఒప్పుకోరు. వేసినవాళ్ళు ఆ బస్టాండులోనే ఎక్కాలి, వచ్చే ఊళ్ళో ఎక్కే బావమరిదికి వేస్తే గొడవే. స్త్రీలకు కేటాయించిన సీట్లో మగవాడి కర్చీఫ్‌కు విలువ లేదు. ముసలాయన నిలబడి ఉంటే ఎవరి కర్చీఫైనా లేవాల్సిందే, లేవకపోతే కనీసం అందరూ అదోలా చూస్తారు. పేపరు వేస్తే గాలికి ఎగిరిందంటారు, సంచి పెడితే మరిచిపోయారంటారు. కర్చీఫ్ వాడినది, చెమట పట్టినది, ఒకరి ఒంటిది. ఇంకొకరు దాన్ని ముట్టుకోవడానికి వెనకాడతారు. అంత పెద్ద హక్కును మోసేది ఆ చిన్న వెనకాటే. పోయినా ఇరవై రూపాయల వస్తువు కనక విసరడానికి మనకూ భయం ఉండదు.

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైంది. ఇంతకాలం మగవాళ్ళు భుజబలంతో గెలిచిన ఈ ఆటలోకి చున్నీలు, చేతిసంచులు, స్కార్ఫులు దిగాయి. నన్నడిగితే మంచిదే. ఎవరికో అన్యాయం జరిగిపోతోందని గొణిగే పెద్దమనుషులు తాము ఇన్నేళ్ళు విసిరిన కర్చీఫులు ఒకసారి లెక్కపెట్టుకోవాలి.

బస్సులోంచి ఈ మాట దిగిపోయి ఊరంతా తిరుగుతోంది. సినిమావాళ్ళు ఏడాది ముందే సంక్రాంతికి విడుదల అని ప్రకటిస్తే, "సంక్రాంతికి కర్చీఫ్ వేశారు" అంటారు. కథ ఇంకా కాగితం మీదికి రాకముందే పేరు రిజిస్టరు చేయించుకుంటే టైటిల్‌కు కర్చీఫ్. టికెట్టు ఆశించే నాయకుడు నియోజకవర్గంలో ఇల్లు అద్దెకు తీసుకుంటే అక్కడ కర్చీఫ్. పార్టీ మారితే కండువా కప్పుకోవాలి, ఇంకా మారకుండా చోటు మాత్రం చూసుకుంటుంటే కర్చీఫ్ వేసినట్టు. గుడ్డ ముక్కలతో ఇంత సన్నని తేడాలు చెప్పగల రాజకీయం మనది. కాలేజీ కుర్రాళ్ళు ఫలానా అమ్మాయికి కర్చీఫ్ వేశానంటారు, అది మాత్రం నాకు నచ్చదు. సీటుకు నోరు లేదు. అమ్మాయికి ఉంది.

ఇంత వాడుకలో ఉన్న వస్తువును బహుమతిగా ఇవ్వడానికి మాత్రం జంకుతాం. కర్చీఫ్ ఇస్తే ఇచ్చినవాళ్ళకూ పుచ్చుకున్నవాళ్ళకూ చెడుతుందట. తప్పనిసరై తీసుకుంటే రూపాయి బిళ్ళ చేతిలో పెట్టి, కొనుక్కున్నానని దేవుణ్ణి నమ్మించేవాళ్ళను నేనెరుగుదును. బడికి కొత్తగా వెళ్ళే పిల్లల చొక్కాలకు ఎడమవైపు పిన్నీసుతో కుట్టినట్టు పెట్టే కర్చీఫ్‌కు ఈ నియమం వర్తించదు. అది పిల్లల ముక్కుకు, టీచరుగారి ఓపికకు సంబంధించిన వ్యవహారం.

బ్రౌన్ దొర 1852లో తెలుగు ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించినప్పుడు ఈ దేశంలో బస్సులు లేవు, కనక ఆయన్ని అనేందుకు ఏమీ లేదు. ఇప్పుడు నిఘంటువులు కూర్చేవాళ్ళకు మాత్రం నాదొక విన్నపం. ఈ మాటను అన్యదేశ్యమని ఒక్క ముక్కలో తేల్చి వదిలేయకండి. నన్ను రాయమంటే ఇలా రాస్తాను. కర్చీఫ్, నామవాచకం. 1. చేతిగుడ్డ, దస్తీ. 2. "వేయు" అనే క్రియతో, "కు" విభక్తి తర్వాత: ఇంకా తనది కాని చోటును తనదని నలుగురికీ తెలిసేలా చెప్పుకోవడం. ఉదాహరణ: కిటికీ పక్క సీటుకు కర్చీఫ్ వేశాడు. గమనిక: వేసినంత మాత్రాన దక్కదు.